పూరీ అడిగితే

కుతాయిసీలో దిగేసరికి తెల్లవారుజాము నాలుగు.
పాస్‌పోర్టు మీద ముద్ర కొట్టిన కుర్రాడు
ఆవులింత మధ్యలో ఏదో అన్నాడు.
స్వాగతమే అయ్యుంటుందని ఇద్దరం నవ్వాం.

బయట బోర్డుల నిండా గుండ్రటి అక్షరాలు.
ఒక్క క్షణం మోసపోయాను.
తలకట్టు పోగొట్టుకున్న ర,
పొట్ట తెరుచుకున్న ఠ,
ఎవరో మన అచ్చుపెట్టెను కిందపడేసి
చీకట్లో తోచినట్టు ఏరి సర్దినట్టు.
పెదవులు అలవాటుగా కూడబలుక్కోబోయి
ఏమీ చిక్కక ఊరుకున్నాయి.

మొదటి రోజుకి మూడు మాటలు వచ్చాయి.
కి అంటే ఔను.
అరా అంటే కాదు.
ఏం తోచకపోతే మద్‌లోబా,
దండం పెట్టినంత పని చేస్తుంది.

నాలుగోది రొట్టెల కొట్లో దొరికింది.
"పూరీ" అంది లోపలావిడ.
నాకు మూకుడూ, నూనె పొంగూ కళ్ళముందు కదిలాయి.
ఆవిడ నేలలో దించిన బానలోకి నడుం దాకా వంగి
కాలుతున్న గోడ మీంచి ఒలిచి తీసింది:
మూరెడు పొడుగు, పడవ ముక్కులు.
కూర ఏదీ అని నువ్వు వెతికావు.
ఇక్కడ డబ్బు పేరు లారీ.
రెండు లారీలిచ్చి ఒక పూరీ కొన్నామంటే
ఎవరు నమ్ముతారు?
చంకలో పెట్టుకుని నడిచాను.
చలిలో నా ఎడమపక్క మాత్రం కాసేపు మనూళ్ళో ఉంది.

మూడోరోజు నీకు అక్షరాలు వచ్చేశాయన్నావు.
"ఇదిగో మె, ఇదిగో స్తి, మెస్తియా బండే ఇది."
నిండితే గానీ కదలని వ్యాను,
నా ఒళ్ళో ఎవరిదో ఖర్బూజా,
గుడి కనబడినప్పుడల్లా
స్టీరింగు వదిలి శిలువ గీసుకునే డ్రైవరు ఓతారి.
నాలుగు గంటల తర్వాత దింపాడు,
ఇప్పటికీ పేరు పలకలేని ఊళ్ళో,
వానలో.

"నే ముందే చెప్పాను" అన్నాను.
ఆరేళ్ళుగా వాడుతున్న మాట.
ఒక్క గుత్తం కూడా అరగలేదు దానికి.

నువ్వు ముందు, నేను ఇరవై అడుగుల వెనక,
మధ్యలో చెవికి పసుపు బిళ్ళ ఉన్న కుక్క.
నువ్వు ఆగితే ఆగుతూ,
నేను ఆగితే వెనక్కి చూస్తూ,
ఎవరి తరఫున వచ్చిందో తేలని పెద్దమనిషిలా.

నానులీ మమ్మల్ని ఏమీ అడగలేదు.
బకెట్టు పట్టుకుని గేటు దగ్గర నిలబడ్డ మనిషి
బకెట్టు కింద పెట్టి గేటు తీసింది, అంతే.
పొయ్యికి చెరోపక్కా కూర్చోబెట్టింది.
బూట్లు గుంజుకుంది.
గోడ మీద మీసాల ఫోటో చూపించి "మామా" అంది.
అత్తగారి తమ్ముడనుకున్నాను.
ఆయన ఒళ్ళో రెండు జడల పిల్లను చూపించి
తన గుండె తట్టుకుంది.
నాన్నట. ఇక్కడ నాన్నని మామా అంటారట.

అప్పుడు చూపుడువేళ్ళు రెండూ జంటగా ఆనించి
మా వైపు కనుబొమలెగరేసింది.

"అరా" అన్నాను నేను.
"కి" అన్నావు నువ్వు.
ఒకేసారి.

నానులీ నవ్విన నవ్వుకి
గరిటె పొయ్యి వెనక్కి పడిపోయింది.
దాన్ని తియ్యడానికి ముగ్గురం వంగాం.
మసి పట్టిన నీ చెయ్యి నా చేతికి తగిలింది.
ఆ రాత్రి అంతకుమించి ఏమీ జరగలేదు.
ఒకే దుప్పటి, మధ్యలో పట్టుదల.

పొద్దున్నే కింద హారను.
మెస్తియా వెళ్ళే బండిని ఆపించింది ఆవిడే.
పొయ్యి పైన తీగ మీద బూట్లు,
జారకుండా లేసులకి లేసులు ముడేసి:
నీది ఒకటి, నాది ఒకటి.
జతలు కలిసిపోయాయి.
తడిసి, ఆరి, ముడి రాయిలా బిగుసుకుంది.
గోళ్ళకి లొంగలేదు.
హారను మళ్ళీ.

నానులీ కూరగాయల కత్తి తెచ్చింది.

"అరా" అన్నాను.
నువ్వూ అన్నావు, నాకంటే ముందే.

పళ్ళతో లాగాను నేను.
లేసంతా పొగ రుచి, బురద రుచి.
నువ్వు కిటికీలోంచి తల బయటపెట్టి
వచ్చిన నాలుగు మాటలూ డ్రైవరు మీద ప్రయోగిస్తున్నావు,
పూరీతో సహా.