పదకొండు ముళ్ళు

కొత్తవాడల మా ఇల్లు పెద్దదేం గాదు.
మంచం నుంచి జాలారు దాక పద్నాలుగు అడుగులు.
ఎడమ పక్క పడిపోయినంక
అది హన్మకొండ అంత దూరమైంది.

దవాఖానల పిల్లగాడు చెప్పిండు:
"తాతా, గోడ పట్టుకొని నడువు."
మా గోడ సగం సున్నం, సగం చెమ్మ;
పట్టుకుంటె చేతికే వస్తది.

గందుకే అటక మీది పాత నూలు దించినం,
జంపఖానాలకు మిగిలిన ఎరుపూ నీలం.
కుడిచెయ్యి నాది, ఎడమచెయ్యి ఈరమ్మది,
ఇద్దరం గలిసి మూడు రోజులు తాడు పేనినం.
"పురి ఎక్కువైతాంది" అన్నది.
నలభై ఏండ్లు మగ్గం గుంతల కూసున్నోనికి
పురి సంగతి చెప్తాంది!

మంచం కోడు కాడ మొదలు,
కిటికీ ఊచ, నిట్టాడు, జాలారు తలుపు.
మొదటి ముడి కాడ లేసి నిలబడాలె.
నాలుగో ముడి అంటె కడప:
తాడును చంకల ఇరికించి
కుడిచేత్తోని లుంగీ పట్టి కాలును లేపి
అవతల పెడుత, ఎవలదో పసిపోరని దించినట్టు.
ఏడు కాడ నీళ్ళ కుండ.
తొమ్మిది కాడ ఏం లేదు, ఊకెనే ముడి.
అక్కడ ఊపిరి తీసుకుంట.

తాళికి మూడే ఏసిన. గీ తాడుకు పదకొండు.

చిన్నబిడ్డ స్వరూప తెచ్చిన స్టీలు వాకరు
కడప దాటది. దాని మీద తువ్వాలలు ఆరేస్తం.
మంచిగ ఆరుతయ్.

పోయిన వానకాలం, కరెంటు లేని రాత్రి
మంచం కోడు కదిలింది.
పిల్లి అనుకున్న.
తాడు బిగుసుకుంటాంది, వదులైతాంది,
తెగబోయే ముందు పడుగు వణికినట్టు.

పొయ్యి కాడ గంటె తడుముడు,
బియ్యంల రాళ్ళు నన్నే ఏరమనుడు,
"కూసున్నోనివి, నీకు పనేముంది" అనుడు,
అన్నీ చీకట్ల వరుసకొచ్చినయ్.
కండ్లకు పొర ఎప్పటి సందో
నాకు చెప్పనే లేదు.

లెక్కపెట్టిన. ఐదు. ఆరు. ఏడు కాడ చెంబు చప్పుడు.
వాపసు రాలె, ముందుకే పోయింది.
తొమ్మిది కాడ ఆగింది,
నేను ఆగే కాడనే.

ఏమనాలెనో తెల్వలె.
తాడును ఒక్కసారి గుంజిన.
అవతల నుంచి రెండు సార్లు గుంజింది,
ఎనుకనే గొంతు:
"గుంజకు, నీళ్ళు ఒలుకుతయ్. పండుకో."

తెల్లారి కండ్ల దవాఖాన మాట ఎత్తిన.
"మొదలు నీ కాలు సంగతి సూడు" అన్నది.
పన్నెండో ముడి ఎక్కడెయ్యాలెనో
ఇంకా కొట్లాడుతనే ఉన్నం.
పొయ్యి కాడ అని నేనంట.
పొయ్యి నాకు ఎరుకనే అని ఆమె.