పాయింటు

కుందుర్పి దారిలో ఓబుళమ్మ సెనక్కాయ చేను.
నాలుగు ఇనుప మేకులు దిగ్గొట్టి
భూమిలోకి కరెంటు పంపి
నిరోధం అంకెలు రాసుకున్నాను.
గ్రాఫు ఒకచోట వంగింది.
అక్కడ బండ పగిలి ఉండాలి.
ఉండాలి: మా సారు ఎర్రసిరాతో చుట్టేసే మాట.

నాకంటే ముందే తిప్పేస్వామి
అరచేతిలో టెంకాయ పండబెట్టుకుని
చేనంతా నడిచిపోయినాడంట.
అది నిక్కి నిలబడిన చోట సున్నం గీత.
నా మేకుకూ ఆ గీతకూ జానెడు దూరం.

రాత్రంతా బోరుబండి.
తెల్లటి పిండి, తెల్లటి పిండి,
మూడొందల ఎనభై అడుగుల కాడ
బూడిదరంగు బురద, ఆనక నీళ్లు.

ఓబుళమ్మ ఇద్దరికీ డబ్బులిచ్చింది,
తిప్పేస్వామికి ఒక టెంకాయ ఎక్కువ.
ఎవరి లెక్క నిజమైందమ్మా అంటే
"నీళ్లు పడినాయి గదా నాయనా,
ఇంగ ఎవురిదైతే ఏమి"
అంటూ పైపుల కోసం పోయింది.

చేను ఆ కొసన
రాళ్లు మూసిన పాత బోర్లు మూడు.
ఎవురు చూపించినారో ఆమెకు గుర్తులేదు.
ఎండినవాటి పేర్లు ఎవరు రాసిపెట్టుకుంటారు?

మళ్లీ మేకులు తీసుకున్నాను.
తిప్పేస్వామి నవ్వి, టెంకాయతో వెంటొచ్చాడు.

మూడో రాయి పక్కన
టెంకాయ నిలబడింది.
నా గ్రాఫూ వంగింది.