బూజు

టంగుటూరులో నా ముక్కుని నమ్మి
చెక్కులు కట్టేవాళ్ళు, ఇరవై రెండేళ్ళు.
ఆకు విప్పకుండానే చెప్పేదాన్ని:
ఇది చవిటినేలది,
ఇది మండెలో ఉడికింది,
దీనికి రేపటికల్లా బూజు పుడుద్ది.

పోయినేడు చూపు రెండు పక్కలా మూసుకుపోయింది.
పక్కన నడిచే మనిషి కనబడలా.
కళ్ళ వెనక చింతగింజంత గడ్డ అంది
నెల్లూరు డాక్టరమ్మ.
తల కొయ్యం, ముక్కులోంచి పోయి తీస్తాం అంది.
నవ్వొచ్చింది.
నాకు అన్నం పెట్టిన దోవే అది.

తీశారు. చూపొచ్చింది.
వాకిట్లో ఓరగా నిలబడ్డ కోడిపెట్ట గూడా కనబడింది.

ఐదో నెలలో వాసన మొదలైంది.
మాలకొండయ్య చెక్కు దగ్గర ఆగి
"బూజు" అన్నాను.
ఆ ఒక్క మాటకి తాళ్ళు తెగినయ్యి.
ఆకాకూ విప్పి చూస్తే నిమ్మపండు పసుపు.
మళ్ళీ కట్టేలోపు ఆకు నలిగింది, రేటు పడింది.
అతను నన్నేం అనలా.
బీడీ ముట్టించుకుని అటు తిరిగి నిలబడ్డాడు.

ఇక చేపల పులుసులో బూజు.
ఉతికిన దుప్పట్లో బూజు.
మనవరాలి నెత్తిని ముద్దు పెట్టుకోబోయి
మొహం తిప్పుకున్నాను.
నడినెత్తిన మేకు దిగ్గొట్టినట్టు నొప్పి,
గొంతులోకి జారే మట్టిరంగు చీమిడి.

మళ్ళీ నెల్లూరు.
ఫిల్మ్ మీద వేలు పెట్టి చూపించింది డాక్టరమ్మ.
గాలి ఉండాల్సిన గదిలో మబ్బు.
"మేం పోయిన దోవలోనే చేరిందమ్మా, ఫంగస్.
తడి, చీకటి, గాలాడదు..."
నాకా చెప్పేది?
వానాకాలం గోడౌన్లు ఎన్ని చూళ్ళేదు!

కడిగి తీసి సీసాలో చూపించారు,
తడిసిన తెలగపిండి లాంటి ముద్ద.
అలవాటు కొద్దీ దానికీ గ్రేడు వెతికాను.
నా ముక్కు అబద్ధం చెప్పలా.
అడ్రసు తప్పు చెప్పింది, అంతే.

ఇప్పుడు పొద్దునా మాపూ ఉప్పునీళ్ళతో కడుగుతున్నా.
ఏ వాసనా లేదు.
మంచిదీ లేదు, చెడ్డదీ లేదు.

నిన్న మాలకొండయ్య కబురు పెట్టాడు.
కొత్త ఆకు, మండె ఎత్తు నా భుజాల దాకా.
వేళ్ళు దూర్చాను.
ఒక ఆకు చెవి దగ్గర పెట్టి నలిపాను.
నోరు రాలా.
"నువ్వు చెప్పిందాకా కట్టను" అన్నాడు,
జేబులోంచి బీడీ తీసి.
ముట్టించలా.