పడమటి గోడ

పందొమ్మిదేండ్లు హన్మకొండల మీటర్లు జూసిన.
గేటు కాడనే తెలిసిపోతది నాకు
ఏ ఇంట్ల ఎన్ని యూనిట్లు కాలుతున్నయో.
పడమరకు అద్దాలు పెట్టినోళ్ల మీటరు మీద
ఎర్రచుక్క కొట్టుకునుడు
జ్వరమొచ్చిన పోరని నాడి లెక్క.

అందుకే హసన్‌పర్తి అవతల
నూటయాభై గజాలు మాదైన నాడు
సిమెంటు కంటె ముందుగాల కొన్నది
ముప్ఫై రూపాయల నోటుబుక్కు.
ఎండ ఎన్ని గంటలకు ఏ మూలకొస్తదో రాసుకున్న,
పుష్యంల ఒకపారి, చైత్రంల ఒకపారి.

గాలి లెక్క మాత్రం కనకలక్ష్మిది.
మే నెలల నులకమంచం మోసుకొచ్చి
ఖాళీ జాగల పండుకున్నది,
మొరం నేల మీద, కుక్కలు మొరుగుతుంటె.
రాత్రి నాలుగుసార్లు మంచం జరిపింది.
తెల్లారుజామున నన్ను లేపి,
"నైరుతి నుంచొస్తుంది" అన్నది.

నైరుతి తెరిస్తె ఇల్లు నిలువదన్నడు వాస్తు ఆయన.
తెరువకుంటె నిద్ర నిలువదన్నది ఈమె.
ఆఖరికి ఓదేలు మేస్త్రి నడుమ పడ్డడు.
పైన, కప్పుకు జానెడు కింద,
ఇటుక విడిచి ఇటుక, పదహారు బొక్కలు.
"కిటికి కాదయ్యా, జాలి" అన్నడు.
వాస్తు ఆయన మెడ పైకెత్తి చూసి
చాయ తాగి పోయిండు.

ఇటుకలు భూపాలపల్లి బూడిదవి.
బొగ్గు కాలి కరెంటయింది, మిగిలింది గోడయింది.
ఆ కరెంటు నా ఇంట్లకు ఎక్కువ రాకుంట
దాని బూడిదే కావలి.
ఈ మాటకు ఓదేలు నవ్వలే.
తాపీ తుడుచుకుంట అడిగిండు:
"ఇటుక నిలువు పెట్టి నడుమ సందు విడువాల్నా?
ఎలుకలు కాపురం పెడుతయి సార్."
ఆ సందుల ఉండేది గాలి, ఓదేలూ.
కదలని గాలి ఎండను మొయ్యదు.
నాలుగు వరుసలు లేసినంక
మిగిలిన ఇటుకల కుప్ప దిక్కు చూసి
అప్పుడు నవ్విండు.

మెట్లు, బాత్రూం, సామాన్ల అర్ర,
మూడింటిని పడమటి గోడకు జేరేసిన.
పొద్దూకే ఎండకు మనుషులు దొరకొద్దు,
బకిట్లు దొరకనీ.

బామ్మర్ది తిరుపతి అలిగిండు.
ముంగట ఎలివేషన్ లేని ఇల్లు
మీసం గీకిన పటేలు లెక్కున్నదట.
చేతుల ఉన్నయి లక్షా ఇరువై వేలు.
ముంగటికా, మీదికా?
మీదికే పెట్టిన.
చువ్వల నడుమ కుమ్మరి సాంబయ్య మూకుళ్లు బోర్లించి,
మూడు వందల నలభై, స్లాబు పోసినం.
ఆడోళ్లు ఆగి ఆగి చూసిండ్రు,
కూరొండే మూకుళ్లు కప్పులకెందుకెక్కినయని.
మీద సున్నం, మూడు పూతలు.
ఇప్పుడు వెల్లకిల పండుకోని
మా వర్షిత రోజూ లెక్కవెడుతది,
ఒకటి పగిలిందని నాకు చెప్తది.

తప్పులు జెయ్యలేదా, జేసిన.
వంటింటి పొగబొక్క గాలికి ఎదురు పెట్టిన.
మిరపకాయలు వేగితె
ముందర్రల సుట్టాలు తుమ్ముతరు.
జాలికి దోమతెర మరిచిన,
ఒక వానకాలం నిండ
కనకలక్ష్మి నాతోని సరిగ మాట్లాడలే.
సోలారు పలకలకు పైసలు ఒడువలే.
మీటరు నుంచి డాబా మీదికి
ఒక ఖాళీ పైపు మాత్రం ఏసి
మూతికి గుడ్డ కట్టిన.
గుడ్డ జారిన రాత్రి అది సన్నగ ఈల ఏస్తది,
ఇంకెప్పుడు అన్నట్టు.

మొన్న బిల్లు కొట్టనీకి
కొత్త పిలగాడు రాజశేఖర్ వచ్చిండు.
మీటరు దిక్కు చూసి, నా దిక్కు చూసి,
"సార్, ఇది ఆగిపోయిందా?"
జర నిలబడు బిడ్డా, అన్న.
మిట్టమధ్యాహ్నం, రోహిణి కార్తె.
ఇద్దరం గోడనీడల నిలబడ్డం.
ఎర్రచుక్క ఒకపారి మెరిసింది.
వాడు చెంబెత్తి నీళ్లు తాగిండు,
మూతి తుడుచుకున్నడు,
నుదుటి చెమట ఇదిలిచ్చిండు.

మల్ల మెరిసింది.