తవుడు వాసన

సోలెడు తవుడిచ్చి కొన్నాను దీన్ని.
ముందు పుట్టిన మూడు కూనలూ పోయాక
ఈ నాలుగోదైనా బతికి బట్టకట్టాలని.
అందుకే పేరు తవుడు.
మా అమ్మ నన్నూ అలాగే చాటలో వేసి ఇచ్చేసి
తవుడు పోసి తిరిగి కొనుక్కుంది, నేను తవిటమ్మని.
మా ఇద్దరికీ చుట్టరికం అక్కడే మొదలు.

కాశీబుగ్గలో మా సందు ఎంతంటే
ఎదురింట్లో ఉల్లిపాయ తరిగితే
మా ఇంట్లో కళ్లు తుడుచుకుంటాం.
అలాంటి సందులో తవుడు వాసన
అద్దె కట్టకుండా తొమ్మిది గదుల్లో దిగింది.
"ఏటే తవిటమ్మా, కుక్కని పెంచుతున్నావా,
ఎండని సేపల గంపని పెంచుతున్నావా?"
దమయంతి కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుని అడిగింది,
ఆ కొంగు చాటునుంచే పక్కింటికీ చెప్పింది.

నేను ఊరుకున్నానా?
బట్టల సబ్బు, ఒంటి సబ్బు, వేపాకు, శీకాయ.
మనవడి పౌడరు డబ్బా సగం కుమ్మరించాను.
పెళ్లికి బయల్దేరిన ముసలాడిలా తెల్లగా వీధిలోకి నడిచి
తిన్నగా పోయి పేడకుప్ప మీద దొర్లి వచ్చింది.
రోజు విడిచి రోజు నీళ్లు పోశాను.
కడిగినకొద్దీ పొట్టు, పొట్టు రాలినకొద్దీ గోకుడు,
గోకినకొద్దీ మళ్లీ అదే.

పశువులాసుపత్రి డాక్టరమ్మ చిన్నపిల్ల.
ముక్కు మూసుకోలేదు, అందుకే నచ్చింది.
మా అత్త పచ్చడి జాడీ మూత తీసినట్టు
చెవి మడత విప్పి, వంగి వాసన చూసింది.
"నువ్వూ చూడు" అంది.
చూశాను. మూడోనాటి దోసెల పిండి.
తోక కింద శనగగింజలంత తిత్తులు రెండుంటాయట,
అవి నిండితే ఊరంతా చాటుతాయట.
గ్లవుజు తొడుక్కుని నొక్కేసరికి
కంపౌండరు అసిరినాయుడు కిటికీ దగ్గర పని గుర్తొచ్చి వెళ్లాడు.
"కడగడం తక్కువై కాదమ్మా, ఎక్కువై.
నెలకోసారి చాలు, కుక్కల సబ్బుతోనే.
ఆ తర్వాతే అసలు పని, ఆరబెట్టు.
పైపైన కాదు, చర్మం దాకా."
గుమ్మం దాటబోతుంటే ఆపి అడిగింది:
"అది పడుకునే గోనె ఎప్పుడు ఉడకబెట్టావు?"

గోనె!
ఏడాదిగా కుక్కని తోముతున్నాను,
గోనె మాట తట్టలేదు.
జీడి బట్టీనుంచి నేనే తెచ్చిన గోనె.
ఉడకబెడితే నీళ్లు డికాషనయ్యాయి.

శనివారం శనివారం చెవులు తుడిచాను.
నీళ్లు పోసిన రోజున మెట్ల మీద ఎండలో కూచోబెట్టి
బొచ్చు పాయలు పాయలుగా విడదీశాను,
పిక్కల నూనె తిని నల్లబడిన ఈ వేళ్లతోనే.
ఆ వేళ్లని అది నాకుతుంది.
వాటి వాసన నాకు తెలీదు,
బస్సులో జరిగి కూచునేవాళ్లకి తెలుసు.

కంపు పోయింది. వాసన పోలేదు.
ఆ రెండూ వేరని ఇన్నేళ్లకి తెలిసింది.
మిగిలింది తొలివాన పడ్డ మట్టిగోడలాంటిది,
దాని ఒంటిది, ఏ సబ్బూ అడగకూడనిది.
దమయంతి కొంగు సగానికి దించింది, అంతే.

తుఫాను రాత్రి హైస్కూలు గదిలో ముప్పై ఏడుగురం.
తడిసిన దుప్పట్లు, తడిసిన బీడీలు,
పాలు కక్కుకున్న పసిది,
ఎవరి వాసన ఎవరిదో తేలని చీకటి.
మర్యాదకి తవుడుని గుమ్మం దగ్గర కట్టాను.
తెల్లారి చూస్తే తాడుంది, అది లేదు.
బెంచీల వెనక దమయంతి ముడుచుకుని ఉంది,
పాదాలు రెండూ దాని పొట్ట కింద దూర్చి.
లేపబోతే కళ్లు తెరవకుండానే
"ఉండనీయే, ఎచ్చగా ఉన్నాది" అంది.

వారం తిరక్కుండా కొంగు మళ్లీ ముక్కెక్కింది.
నేనేమీ అనలేదు.
గోనె ఉడకబెట్టే పొయ్యిలో మండేవి మాత్రం
గాలికి పడిపోయిన వాళ్ల జీడిచెట్టు కట్టెలే.
మోపు కట్టి తనే తెచ్చి
మా అరుగు మీద పడేసి పోయింది,
ఊపిరి బిగపట్టుకుని.