గోడ దిక్కు తామరలు

కాగితం మీద బొమ్మ దెచ్చిండు యాకూబ్ సార్.
హన్మకొండల వాళ్ల బడి గోడకు పెడ్తరట,
మూడడుగుల పరమవీర చక్రం.
"అసలుది ఎంతుంటది సార్?"
బొటనవేలు చూపుడువేలు కలిపి సున్న జుట్టిండు,
పాత రూపాయి కన్న జరంత పెద్దగ.
గంతేనా, అన్న.
గంతే, అన్నడు.

పెంబర్తిల చిన్నదాన్ని పెద్దగ జేసుడే మా బతుకుదెరువు.
ద్వారపాలకులు, ధ్వజస్తంభం తొడుగులు,
సన్మానాలల్ల చేతికిచ్చి ఫొటో దిగే జ్ఞాపికలు.
లక్క కరగవోసి ఇత్తడి రేకు పరిచిన.
అసలుది కంచట.
రేటు మాట్లాడేటప్పుడు ఆ ముచ్చట ఎవరం దియ్యలే.

నడుమ సింహాలు, చుట్టూ నాలుగు వజ్రాయుధాలు.
మంచు దేశంల పుట్టిన ఆడామె ఒకామె
మన ఫౌజీ అఫ్సర్‌ను మనువాడి
మన పురాణాలు మనకన్న ఓపికగ చదివి గీసిందట.
దధీచి అడగంగనే వెన్నుబొక్క ఇచ్చిండు, అన్నడు సార్.
దాన్ని వజ్రాయుధం జేసింది మా విశ్వకర్మనే, అన్న నేను.
ఇచ్చినోని కథ అందరు జెప్తరు.
ఆ బొక్క మీద తొలి సుత్తె దెబ్బ ఏసేటప్పుడు
మావోని చెయ్యి వణికిందా లేదా
ఎవ్వలు రాయలే.

యాభైల, జనవరి ఇరవై ఆరున పుట్టింది చక్రం.
లెక్క మాత్రం నలభై ఏడు ఆగస్టు పదిహేను నుంచి.
"అప్పటికి మనం నిజాం కిందనే ఉంటిమి గద సార్!"
మా తాత అప్పుడు దొరల తాంబాలాలకు మెరుగు వెట్టేటోడు.
సార్ నవ్వి, వేళ్లు లెక్కవెట్టుకుంట చెప్పిండు:
ఇప్పటిదాక ఇరవై ఒక్కరు.
అండ్ల పద్నాలుగు మందికి పోయినంకనే.
మరి ఊదారంగు రిబ్బను ఎవరి ఛాతీకి పెడ్తరు?
పెట్టరు. అమ్మ చేతికిస్తరు. లేకుంటే ఆలి చేతికి.

అంతకు ముందు తెల్లదొరల సిలువ ఉండె,
గుంజుకున్న ఫిరంగులు కరిగించి పోసిండ్రంటరు.
దానికి ముందు?
ఘన్‌పూర్ అవతల పత్తిచేను గట్టున వీరగల్లుంది.
కింద గుర్రం, కత్తి.
పైన ఇద్దరు దేవకన్యలు వాన్ని రెక్కలు వట్టి లేపుకపోతుంటరు.
పేరు లేదు.
బర్లు వీపు గోక్కొని గోక్కొని
గుర్రం నా పాలిష్ కన్న నున్నగైంది.

వజ్రం మొనలు దిద్దుతుంటె ఓదెలు మామ యాదికొచ్చిండు.
డెబ్బై ఒకటి లడాయిల ఎడమ కాలు ఇచ్చొచ్చి
అజంజాహి మిల్లు గేటు కాడ పద్దెనిమిదేండ్లు నిలబడ్డోడు.
ఒకనాడు జరంల చెప్పిండు:
"ధైర్యం చేసుడు ఒకని వంతు బిడ్డా,
చూసుడు ఇంకొకని వంతు.
చూసినోడు బతికొచ్చి చెప్తెనే కాగితం కదులుతది.
దండపాణి చేసింది నేనొక్కన్నే చూసిన.
నాకు సోయి వచ్చి చెప్పేవరకు నెల దాటింది.
జరం మాటలన్నరు."
నేను తడిబట్ట పిండి నుదుటి మీద ఏసిన.
నేను గూడ అప్పుడు జరం మాటలే అనుకున్న.

"వెనుక పక్క ఉట్టిగ ఇడిసిపెట్టు,
గోడకు బిగిచ్చేదే, ఎవరు చూస్తరు?" అన్నడు సార్.
అసలుదానికి వెనుక తామరపువ్వులుంటయి,
చుట్టూ రెండు బాసలల్ల పేరు.
వేరే రేకు దీసి రెండు రాత్రులు చెక్కిన.
దానికి పైసలడగలే.
ఒక రెక్క మీద దండపాణి పేరు కొడదామని ఉలి ఆనిచ్చిన,
ఒక్క దెబ్బ ఏసి ఆగిన.
నేను చూడలే గద.
చూసినోడు చెప్పంగ విన్న, అది గూడ సగం నమ్మిన.

చింతపండు రుద్ది, బూడిదేసి తోమి, ఎండకు పెట్టిన.
ఉలి ఆనిన కాడ ఆవగింజంత గుంట.
మాపలే.

ఆటోల గడ్డి పరిచి తీస్కపోయిండ్రు.
ఆరు బోల్టులు.
తామరలు గోడ దిక్కు.