పాల పుస్తకంలో త్రేన్పులు

పాల పుస్తకం చివర పేజీలు ఖాళీగా ఉంటే
అక్కడ రాశాను.
సోమవారం, ఆరు నుంచి పది దాకా: నలభై ఒకటి.
భోజనం తర్వాత లెక్క తప్పింది.

మా ఆయన మిర్చి యార్డులో కాటా గుమాస్తా.
టిక్కీ బరువు చెప్పబోయి
"నలభై రెండు— బ్రేవ్ —న్నర" అంటే
"దీన్ని కూడా తరుగు కింద కొట్టేద్దామా బాబాయ్" అని
కమీషన్ కొట్టు కుర్రాళ్ళు నవ్వేవారట.
తనూ నవ్వేవాడట.
ఇంట్లో కంచం ముందు మాత్రం నవ్వలేదు.

ఒకప్పుడు నాకు ఆ చప్పుడే మెచ్చుకోలు.
గోంగూర, పచ్చి ఉల్లిపాయ, గడ్డపెరుగు,
గోడకి చేరబడి ఒకే ఒక్కటి.
ఆ ఒక్కటీ ఎప్పుడు గొలుసయిందో,
గొలుసు ఎప్పుడు మెడకి పడిందో
ఇద్దరం చూసుకోలేదు.

వాము నమలమన్నారు, నమిలాడు.
జీలకర్ర నీళ్ళన్నారు, తాగాడు.
పట్నం బజారులో ఒకాయన
గోలీ సోడా కొడితే లోపలి గాలంతా పోతుందన్నాడు.
సోడాది సోడాకి వచ్చింది,
ఆయనది ఆయనకి వచ్చింది.
"గుండెపోటుకి ముందు ఇట్లాగే ఉంటుందట"
అనేసి ఫోన్ పెట్టేసింది తోడికోడలు రత్నమాణిక్యం.

ఆ రాత్రి నేను నిద్రపోలేదు.
నిద్రపోలేదు కాబట్టే రాశాను:
పదకొండు నుంచి నాలుగు దాకా, సున్న.
ఎందుకో ఆ సున్న చుట్టూ
ఇంకో సున్న చుట్టాను.

కొత్తపేటలో కుర్ర డాక్టరమ్మ, షాహీన్ అని బోర్డు.
పొట్ట నొక్కేముందు అడిగింది:
బరువు తగ్గారా, ముద్ద గొంతులో ఆగుతోందా,
విరేచనం నల్లగా అవుతోందా, వాంతులా, గుండెలో మంటా.
అన్నిటికీ అడ్డంగా తలూపుతూ
మధ్యలో పదకొండు సార్లు
తన జవాబు తను చెప్పాడు.
కట్టుడు పళ్ళు వదులుగా ఉన్నాయా?
ఉన్నాయి.
అన్నం ఎంతసేపు తింటారు?
ఏడు నిమిషాలు. అది నేను చెప్పాను.

వయసు యాభై ఎనిమిది కదా, గుండెకి కాగితం తీశారు,
గొట్టం వేసి కడుపు చూశారు.
రిపోర్టులో రంగు ఫోటోలు.
ముప్పై రెండేళ్ళు వండి పోసింది ఈ గులాబీ గదిలోకా!
కాస్త ఎర్రబడిందట, పుండు లేదు.
సంచీలోకి ఊదించారు, క్రిమి లేదు.
నెల్లాళ్ళు పరగడుపున మాత్ర.
పుస్తకంలో అంకెలు మారలేదు.

అప్పుడు తీశాను సంచీలోంచి, సిగ్గుపడుతూనే.
పాల లీటర్లన్నీ దాటుకుంటూ వెళ్ళి
డాక్టరమ్మ వేలు ఆ జోడు సున్న దగ్గర ఆగింది.
"నిద్రలో రావా?"
రావు. కాటా ముల్లు నిలబడేదాకా
ఊపిరి బిగబట్టి చూసేటప్పుడు కూడా రావట.
"ఇది కడుపులోది కాదమ్మా.
బయటి గాలి గొంతు దిగి
కడుపు గడప తొక్కకుండానే వెనక్కి పోతోంది.
తెలియకుండా తనే లాగుతున్నారు."

మా ఆయన మొహం ఎండుమిరప అయింది.
"అంటే నాటకాలాడుతున్నానా?"
"రెప్ప వేయడం నాటకమా అండీ?" అంది.
దానికి త్రేన్పు కూడా రాలేదు ఆయనకి.

ఇప్పుడు రోజూ సాయంత్రం వెల్లకిలా పడుకుంటాడు.
పొట్ట మీద పాల పుస్తకం.
నోరు కొంచెం తెరిచి, నాలుక పైపళ్ళ వెనక ఆనించి
ముక్కుతో మెల్లగా పీల్చాలి.
పుస్తకం లేవాలి, రొమ్ము లేవకూడదు.
రొమ్ము మీద నా అరచెయ్యే ముల్లు.
పళ్ళు బిగింపించాం. సోడా మానేశాడు.
అన్నం పదిహేను నిమిషాలయింది,
మధ్యలో నాతో ఏం మాట్లాడాలో తెలీక
మిర్చి ధరలు చెబుతాడు.

మొన్న తొమ్మిది. నిన్న ఆరు.
యార్డులో కాటాల తనిఖీకి వచ్చిన రోజు అరవై మూడు.
అదీ రాశాను, దాచేదేముంది.

రాత్రి గోంగూర పచ్చడి కాస్త ఎక్కువే తిన్నాను.
ఆయన పుస్తకం మోస్తూ పడుకుని ఉన్నాడు,
నేను గిన్నెలు సర్దుతూ ఉన్నాను,
వచ్చింది. నాకే. వీధరుగు దాకా వినబడేట్టు.
ఆయన కళ్ళు తెరవలేదు.
పొట్ట మీది పుస్తకం మాత్రం గడగడా ఊగింది.
"రాయి," అన్నాడు,
"నీ పేరు మీద ఒకటి."